గూడ్సుబండి వెంట కెమేరా

రైలుగేటు పడినదంటే మనలో చాలమందికి విసుగు. పోయేది మెయిలుబండి అయితే ఆ విసుగు రెండు నిమిషాలలో తీరిపోతుంది. గూడ్సుబండి అయితే మాత్రము అది సహనానికి పరీక్షే. ఒక పెట్టె, మరొక పెట్టె, ఇంకొక పెట్టె. బొగ్గు, సిమెంటు, ఎరువు, నూనె, మళ్ళీ బొగ్గు. సైకిలు పట్టుకొని నిలబడిన కుర్రవాడు మొదలు కారులో కూర్చున్న పెద్దమనిషి వరకు అందరూ కడపటి పెట్టె ఎప్పుడు కనబడుతుందా అని మెడలు చాచి చూస్తూ ఉంటారు. అయితే ఇటువంటి గేటు దగ్గరనే, ఇటువంటి బండికోసమే, తెల్లవారుజామునుంచి కాచుకొని కూర్చునే మనుష్యులు కూడా ఈ లోకములో ఉన్నారు. వారికి గేటు పడడమే పండుగ. బండి కనుచూపు మేరలోనికి రాగానే కెమేరా కంటికి ఆనించి పటము తీస్తారు. వెంటనే కారెక్కి, పక్కనున్న రోడ్డుమీద ఆ బండిని దాటి, పది మైళ్ళ అవతల మరొక మలుపులో మళ్ళీ దానికి ఎదురుగా నిలబడతారు. సాయంకాలమునకు ఒళ్ళంతా దుమ్ము, మనస్సంతా తేలిక. ఇది వారి తీరికవేళ వ్యాసంగము.

ఇంతకంటె ఉల్లాసకరమైన వినోదము దొరకలేదా అని మనకు నవ్వు రావచ్చును. ప్రయాణీకుల బండికి ఒక అందమున్నది, వేళ ఉన్నది, పేరున్నది. గూడ్సుబండికి ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పాలంటే, రైలుకూ ఛాయాచిత్రానికీ ఉన్న పాత చుట్టరికమును కొంచెము తెలుసుకోవాలి. ఆ కథలో వినోదముతోపాటు మనకు పనికివచ్చే ఒక హెచ్చరిక కూడా ఉన్నది.

రైలుబండి, ఛాయాచిత్రము, రెండూ ఇంచుమించు ఒక తరములోనే పుట్టినవి. ఇంగ్లండులో స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుదారి 1825లో తెరిచారు. ఫ్రాన్సులో డగేర్ తన చిత్రణ విధానమును లోకానికి వెల్లడించినది 1839లో. కాని ఈ రెంటికీ మొదటినుంచీ పొత్తు కుదరలేదు. ఒకటి పరుగెత్తేది, రెండవది కదలని వస్తువునే పట్టుకోగలిగినది. పలకమీద బొమ్మ పడడానికి చాలసేపు పట్టే రోజులలో కదిలే బండిని పట్టుకుంటే పొగమరక మాత్రమే మిగిలేది. అందుచేత తొలినాళ్ళ రైలు చిత్రాలన్నీ నిలిచి ఉన్న ఇంజన్ల చిత్రాలే. అమెరికాలో తూర్పు పడమర రైలుదారులు కలిసిన 1869 మే 10వ తేదీన, యూటా ప్రాంతములోని ప్రోమంటరీ దగ్గర ఆండ్రూ రస్సెల్ తీసిన సుప్రసిద్ధ చిత్రములో కూడా రెండు ఇంజన్లు ఎదురెదురుగా నిలబడే ఉంటాయి. వాటిచుట్టూ మనుష్యులు కొలువు తీరినట్లుగా ఉంటారు.

1871లో రిచర్డ్ మాడక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు పొడి పలకల విధానమును ప్రకటించిన తరువాత స్థితి మారినది. పలకలు చురుకైనవి, కెమేరా కన్ను క్షణములో వేయవచ్చే యంత్రాలు వచ్చినవి. పంతొమ్మిదవ శతాబ్దము ముగిసేనాటికి పరుగెత్తే బండిని స్పష్టముగా పట్టుకోవడము సాధ్యమైనది. సరిగా ఆ కాలములోనే ఇంగ్లండులో రైళ్ళమీది మోజు ఒక వ్యవస్థ రూపము దాల్చినది. 1897లో ‘రైల్వే మేగజైన్’ అనే మాసపత్రిక వెలువడినది. 1899లో లండనులో ‘రైల్వే క్లబ్’ ఏర్పడినది. ఉద్యోగముతో నిమిత్తము లేకుండా, కేవలము ఇష్టముచేత రైళ్ళను చూచేవారు ఒకరికొకరు పరిచితులైనారు.

ఈ వ్యాసంగమును పిల్లలలోనికి తీసుకొనిపోయిన కీర్తి ఇయాన్ ఆలన్ అనే యువకునికి దక్కుతుంది. సదరన్ రైల్వే కార్యాలయములో గుమాస్తాగా ఉన్న ఆలన్, ఇంజన్ల నెంబర్లనుగురించి అడుగుతూ జనము వ్రాసే ఉత్తరాలకు జవాబులు వ్రాసి వ్రాసి విసిగి, ఆ నెంబర్లన్నిటినీ ఒక చిన్న పుస్తకముగా 1942లో అచ్చువేసినాడు. యుద్ధకాలము. బాంబులు పడుతున్న దేశము. అయినా ఆ పుస్తకము వెంటనే అమ్ముడుపోయినది. అటుపిమ్మట ఇంగ్లండులోని ప్లాట్‌ఫారముల చివరలలో పెన్సిలూ పుస్తకమూ పట్టుకొని నిలబడిన పిల్లలు కనబడడము మామూలైపోయినది. వారిలో కొందరు పెరిగి పెద్దవారై పెన్సిలు స్థానములో కెమేరా పట్టుకొన్నారు.

ఈ మోజు పిల్లలకే పరిమితమైనది కాదు. వేక్‌ఫీల్డులో బిషప్పుగా ఉండిన ఎరిక్ ట్రేసీ ఇంగ్లండులో పేరెన్నికగన్న రైలు ఛాయాచిత్రకారులలో ఒకడు. ఉత్తర ఇంగ్లండు కొండ ఎగువలలో పొగలు చిమ్ముతూ ఎక్కే బండ్లను జీవితాంతము చిత్రించినాడు. 1978 మే నెలలో, ఆపిల్‌బీ స్టేషనులో ఒక ఆవిరిబండి రాకకోసము ఎదురు చూస్తూ, గుండె ఆగి అక్కడనే కన్ను మూసినాడు. అమెరికాలో ఫిలిప్ హేస్టింగ్స్ అనే అతడు వృత్తిరీత్యా వైద్యుడు. అతడూ, ‘ట్రెయిన్స్’ పత్రిక సంపాదకుడు డేవిడ్ మోర్గనూ కలిసి 1950 దశకము నడుమ, ఆవిరి ఇంజన్లు ఇంకా ఎక్కడెక్కడ మిగిలినవో వెదుకుతూ అమెరికా, కెనడాలలో వేలమైళ్ళు తిరిగినారు. ఒకడు వ్రాసినాడు, మరొకడు చిత్రించినాడు. రోగుల బాధలు వినే వైద్యుడు, భక్తుల కష్టాలు వినే బిషప్పు, ఇద్దరూ విశ్రాంతికోసము రైలుకట్టను ఆశ్రయించడములో ఒక అర్థమున్నది. మనుష్యుల సమస్యలతో అలసిన మనస్సుకు, దేనినీ అడగక తన దారిన తాను పోయే బండి గొప్ప ఊరట.

ఇక గూడ్సుబండి ప్రత్యేకత ఏమిటో చూతము. ప్రయాణీకుల బండికి వేళాపట్టిక ఉన్నది. ఫలానా వేళకు వస్తుందని తెలిసినప్పుడు ఎదురుచూపులో ఉత్కంఠ తక్కువ. గూడ్సుబండి ఎప్పుడు వస్తుందో బయటివానికి తెలియదు. లూపులైనులో మూడు గంటలు పడి ఉండవచ్చును. వెనుకనుంచి వచ్చే మెయిళ్ళన్నిటికీ దారి ఇచ్చి, నడిరాత్రి బయలుదేరవచ్చును. కాబట్టి దానిని పట్టదలచినవాడు సంకేతాలు చదవడము నేర్చుకోవాలి. సిగ్నలు రంగు మారినదా? గేటుమనిషి కుర్చీలోనుంచి లేచినాడా? పట్టాలమీద కూర్చున్న కాకులు ఎగిరినవా? దూరాన కొండ ఎక్కే ఇంజను మూలుగు వినబడుతున్నదా? ఈ నిరీక్షణలోనే ఈ వినోదపు రహస్యమంతా ఉన్నది. పేరు ‘వెంటాడుట’ అయినా, దినములో ముప్పాతిక వంతు కదలకుండా కూర్చునడమే. గాలి వినబడుతుంది. పేరు తెలియని పిట్టలు వినబడతాయి. నిశ్శబ్దమును వినడము మరచిపోయిన పట్టణవాసికి ఇది ఒక చికిత్స.

రెండవ సంగతి: గూడ్సుబండి బరువైనది, కొండ ఎగువలో నెమ్మదిగా ఎక్కుతుంది. అందుచేత పక్కన రోడ్డు ఉంటే మోటారు కారు దానిని సులభముగా దాటిపోగలదు. ఒక్కొక్క బండిని ఒకే దినములో ఆరు చోట్ల, ఏడు చోట్ల చిత్రించవచ్చును. అమెరికాలో ఇందుకు పుణ్యక్షేత్రములవంటి చోట్లు ఉన్నవి. పెన్సిల్వేనియాలో ఆల్టూనా దగ్గర, గుర్రపు లాడము ఆకారములో కొండను చుట్టివచ్చే వంపు ఒకటి 1854నుంచీ ఉన్నది. కాలిఫోర్నియాలో టెహచాపి కొండలలో 1876లో నిర్మించిన చుట్టు ఇంకా విచిత్రము. అక్కడ రైలుదారి ఒక గుట్టను పూర్తిగా చుట్టివచ్చి, తన నెత్తిమీదుగా తానే పోతుంది. ఇంచుమించు నాలుగువేల అడుగులకు మించిన పొడవుగల బండి అయితే, దాని ఇంజను పైన పోతూ ఉండగా, దాని తోక క్రింద సొరంగములో పోతూ ఉంటుంది. పాము తన తోకను తానే దాటుతున్నట్లుగా ఉండే ఆ దృశ్యముకోసము జనము దూరదేశాలనుంచి వస్తారు. ఇల్లినాయ్ రాష్ట్రములో రోచెల్ అనే చిన్న పట్టణము, రెండు పెద్ద రైలుదారులు అడ్డముగా ఖండించుకొనే తన చౌరస్తా దగ్గర, చూడవచ్చేవారికోసమే ఒక ఉద్యానమును, నీడకు ఒక మంటపమును కట్టించినది.

మన రేడియో శ్రోతలకు వినసొంపైన విశేషము ఒకటి ఇక్కడ చెప్పాలి. అమెరికా గూడ్సుబండ్లలో డ్రైవర్లు, దూరాన కూర్చుని బండ్లను నడిపించే కంట్రోలరులు రేడియోమీద మాట్లాడుకుంటారు. చేతిలో ఇమిడే చిన్న గ్రాహకయంత్రముతో ఆ సంభాషణను ఈ ఔత్సాహికులు కూడా వినగలరు. అంతే కాదు. పట్టాల పక్కన అక్కడక్కడ పరీక్షాయంత్రాలు ఉంటాయి. బండి దాటుతూ ఉండగా అవి ఇరుసుల వేడిని పరీక్షించి, ఇరుసులు లెక్కించి, లోపమేమీ లేదని మనిషి గొంతుతో రేడియోలో ప్రకటిస్తాయి. ఎడారిలో, రాత్రివేళ, ఒంటరిగా కూర్చున్నవాని చేతిలోని యంత్రము ఉన్నట్టుండి మైలురాయి నెంబరూ ఇరుసుల సంఖ్యా చదివితే, బండి ఎంత దూరములో ఉన్నదో, ఎంత పొడవైనదో, చూడకముందే తెలిసిపోతుంది. బండి ముందు చెవికి వచ్చి, తరువాత కంటికి వస్తుందన్నమాట.

ఈ వ్యాసంగమును కళగా మార్చినవారిలో అగ్రగణ్యుడు విన్‌స్టన్ లింకు. అతని కథ వినదగినది. 1914లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో పుట్టిన లింకు చదివినది సివిల్ ఇంజనీరింగు. చేపట్టినది వ్యాపార ప్రకటనలకు ఛాయాచిత్రాలు తీసే వృత్తి. 1955 జనవరిలో ఏదో కంపెనీ పనిమీద వర్జీనియాలోని స్టాంటన్‌కు వెళ్ళినాడు. పని ముగిసిన తరువాత, కొద్ది దూరములో ఉన్న వేన్స్‌బరో స్టేషనులో ఆవిరి ఇంజన్లు ఇంకా నడుస్తున్నవని తెలిసి చూడబోయినాడు. అప్పటికి అమెరికాలో పెద్ద రైలుకంపెనీలన్నీ డీజిలు ఇంజన్లకు మారిపోయినవి, మారిపోతున్నవి. నార్ఫోక్ అండ్ వెస్ట్రన్ అనే కంపెనీ ఒక్కటి మాత్రము ఆవిరిని పట్టుకొని ఉన్నది. కారణము స్పష్టమే. ఆ కంపెనీ పట్టాలు బొగ్గుగనుల నడుమనుంచి పోతాయి. బొగ్గు మోయడమే దాని ప్రధాన వ్యాపారము. రోనోక్ పట్టణములోని తన కర్మాగారములో తన ఇంజన్లను తానే తయారుచేసుకుంటుంది. కాని ఆ కోట కూడా ఎంతో కాలము నిలవదని లింకు గ్రహించినాడు. మరునాటి రాత్రి, అంటే జనవరి 21న, మళ్ళీ వేన్స్‌బరో వచ్చి, తన దీపాలు అమర్చుకొని మొదటి చిత్రము తీసినాడు. ఆ చిత్రమును జతపరచి కంపెనీకి జాబు వ్రాసినాడు. కంపెనీ అధ్యక్షుడు రాబర్ట్ స్మిత్ రైలుకట్టమీద స్వేచ్ఛగా తిరగడానికి అనుమతి ఇప్పించినాడు.

లింకు రాత్రినే ఎందుకు ఎన్నుకొన్నాడు? సూర్యుని జరపలేము, పట్టాలను జరపలేము. దీపాలను మాత్రము కావలసిన చోట పెట్టుకోవచ్చును. రాత్రి చీకటిలో తనకు అక్కరలేనిదంతా మాయమవుతుంది. తెల్లని ఆవిరి నల్లని ఆకాశముమీద వెన్నముద్దలవలె లేస్తుంది. కాని ఈ పని చెప్పినంత సులువు కాదు. ఆనాటి ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోయేది. పదులకొద్దీ బల్బులు, తానే తయారుచేసిన ప్రతిఫలకాలు, వందల అడుగుల తీగలు, మూడు కెమేరాలు, ఇవన్నీ చీకటిలో గట్టులమీద అమర్చాలి. ఒక్క తీగ ఊడినా అంతా వృథా. బండి వెనుకకు రాదు. ఒకే బండి, ఒకే క్షణము, ఒకే మీట.

1956 ఆగస్టు 2వ తేదీ రాత్రి పశ్చిమ వర్జీనియాలోని ఆయేగర్ అనే చిన్న ఊరిలో తీసిన చిత్రము అతని చిత్రాలన్నిటిలోకి ప్రఖ్యాతమైనది. కార్లలోనే కూర్చుని సినిమా చూచే బయలు థియేటరు అది. మూతలేని కారులో ఒక యువకుడు, ఒక యువతి. ఎదుట తెరమీద ఎగిరే జెట్ విమానము. ఆ తెరకు పక్కగా, కట్టమీద, ఆవిరి చిమ్ముతూ తూర్పుకు పరుగెత్తుతున్న గూడ్సుబండి. ఈ ఒక్క చిత్రానికి 43 బల్బులు వెలిగించినాడు. అంత వెలుతురులో తెరమీది బొమ్మ వెలిసిపోగా, విమానము బొమ్మను విడిగా తీసి తరువాత చేర్చినాడు. ఒకే పటములో మూడు యుగాలు కనబడుతున్నవి: రాబోయే విమానము, వచ్చిన మోటారు కారు, పోతూ ఉన్న ఆవిరిబండి. కారులోని జంట బండివైపు చూడనైనా చూడడము లేదు. రోజూ పోయే గూడ్సును ఎవరు చూస్తారు? మనకు ఆ చిత్రము గుండెకు తగిలే కారణము అదే. రోజూ కనబడేది రేపు ఉండదన్న స్పృహ ఎవరికీ ఉండదు.

లింకు ఇంజన్లకంటె ఎక్కువగా ఇంజన్లచుట్టూ ఉన్న మనుష్యులను చిత్రించినాడని చెప్పినా అతిశయోక్తి కాదు. ఇరుసులకు చమురు పోసే కూలీలు, లాంతరు ఊపే స్టేషను ఏజెంటు, రైలుకట్ట పక్క ఏటిలో జలకాలాడే పిల్లలు, కిటికీలోనుంచి బండిని చూచే గృహిణి, వీరందరూ అతని పటాలలో ఉన్నారు. 1956లో గ్రీన్ కోవ్ అనే కొండపల్లె స్టేషనులో తీసిన ఒక పటములో, బండికి కట్టిన ముసలి తెల్లగుర్రము, వస్తున్న రైలింజను ఎదుట తల వంచి నిలబడి ఉంటుంది. పాత వాహనము కొత్త వాహనానికి నమస్కరిస్తున్నట్లుగా కనబడే ఆ దృశ్యములో చిత్రమేమిటంటే, ఆ నమస్కారము అందుకొన్న ఇంజను కూడా మరి నాలుగేండ్లలో గుర్రము దారినే పోవలసి ఉన్నది.

లింకు బొమ్మలతో తృప్తిపడలేదు. ధ్వనిగ్రాహకయంత్రమును కూడా మోసుకొనిపోయి, ఎగువలో గూడ్సుబండ్ల ఆయాసమును, లోయలలో మారుమోగే కూతలను టేపుమీద పట్టినాడు. 1957 మొదలు ఆ శబ్దాలను గ్రామఫోను రికార్డులుగా వెలువరించినాడు. ఆ సంవత్సరము క్రిస్మస్ ముందునాటి రాత్రి రూరల్ రిట్రీట్ అనే ఊళ్ళో, చర్చి గంటల గానము వినబడుతూ ఉండగా వచ్చి ఆగి, మళ్ళీ బయలుదేరిన బండి శబ్దమును అతడు భద్రపరచినాడు. శబ్దముతో బ్రతికే ఉద్యోగము మాది. కాబట్టి ఈ పని విలువ మాకు కొంచెము ఎక్కువగా తెలుసును. బొమ్మ పోయినా మాటలలో వర్ణించవచ్చును. పోయిన శబ్దమును ఏ వర్ణన తిరిగి తేలేదు.

1960లో ఆ కంపెనీ ఆవిరి ఇంజన్లను పూర్తిగా విరమించినది. అయిదేండ్లలో లింకు తీసినవి సుమారు 2,400 చిత్రాలు. ఖర్చు తనది, కంపెనీ కోరిన పని కాదు. చాలకాలము వాటిని పట్టించుకొన్నవారు తక్కువ. 1980 దశకములో ప్రదర్శనలు, 1987లో పుస్తకము వెలువడిన తరువాతనే అతని పేరు లోకానికి తెలిసినది. 2001లో లింకు మరణించినాడు. 2004లో, అదే రోనోక్ పట్టణములో, అదే కంపెనీవారి పాత స్టేషను భవనములో, అతని చిత్రాలకు ఒక ప్రదర్శనశాల వెలసినది. ఇంజన్లను తుక్కుక్రింద కోసి అమ్మివేసిన ఊరే వాటి పటాలను అద్దాలలో పెట్టి భద్రపరచుకోవలసి వచ్చినది.

ఇదే కథ దేశదేశాలలో మళ్ళీ మళ్ళీ జరిగినది. బ్రిటనులో 1968 ఆగస్టులో ఆవిరి ముగిసినది. జపానులో 1975 డిసెంబరు 24వ తేదీన హొక్కైదో ద్వీపములో కడపటి ఆవిరి గూడ్సుబండి నడిచినది. అంతకుముందు కొన్నేండ్లపాటు కెమేరాలు పట్టిన జనము అక్కడ కొండదారులన్నిటా బారులు తీరినారు. చైనాలో, ఇన్నర్ మంగోలియాలోని జిటాంగ్ రైలుదారిమీద, జంట ఆవిరి ఇంజన్లు గూడ్సుబండ్లను లాగుతూ మంచుకొండలు ఎక్కే దృశ్యము 2005 చివరివరకు కనబడినది. ఎముకలు కొరికే చలిలో ఆ కనుమ పక్కన నిలబడడానికి ఇంగ్లండునుంచీ, జర్మనీనుంచీ, ఆస్ట్రేలియానుంచీ మనుష్యులు వచ్చినారు.

మన దేశము సంగతి ఏమిటి? చిత్తరంజన్ కర్మాగారములో 1950లో తయారైన మొదటి ఇంజను గూడ్సు ఇంజనే. డబ్ల్యూ.జి. అనే ఆ తరగతిలో, విదేశాలలో చేసినవీ ఇక్కడ చేసినవీ కలిపి, 1970 నాటికి 2,400కు పైగా ఇంజన్లు వచ్చినవి. స్వతంత్ర భారతపు ఉక్కు కర్మాగారాలకు బొగ్గు చేరవేసినవి, కరవు జిల్లాలకు ధాన్యము చేరవేసినవి ఇవే. వాటిలో కడపటిదానికి ‘అంతిమ సితారా’ అని పేరు పెట్టినారు. 1995 డిసెంబరులో బ్రాడ్‌గేజిమీద ఆవిరి సేవ ముగిసినది. ఆనాటి మన గూడ్సుబండ్ల చిత్రాలు చూడదలచితే, వాటిలో ఎన్నో విదేశాలనుంచి వచ్చి తీసుకొనిపోయినవారివే. నెల్లూరు జిల్లాలోని బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్లకు పెట్టినది పేరు. ఊరు ఊరంతా రైల్వేమీద బ్రతికినది. ఇంజను షెడ్డు పోయినది. ఆ షెడ్డులో రాత్రింబవళ్ళు బొగ్గు ఎత్తినవారి ముఖాలు ఎన్ని పటాలలో మిగిలినవి?

నా చిన్నతనము గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి దారి పక్కన ఒక పల్లెటూరిలో గడిచినది. సాయంకాలము మా తాతగారు నా చేయి పట్టుకొని గేటుదాకా నడిపించుకొనిపోయేవారు. గూడ్సుబండి వస్తే పెట్టెలు లెక్కించడము నా పని. నా లెక్క సరిచూడడము వారి పని. నా లెక్కకూ వారి లెక్కకూ ఎప్పుడూ ఒకటి రెండు తేడా. “కడపటిది గార్డుపెట్టెరా అబ్బాయీ, అది సరుకు మోయదు, దానిని లెక్కలో కలపకూడదు” అనేవారు. గార్డు పచ్చజెండా చుట్టి చంకన పెట్టుకొని, మాకు చేయి ఊపి పోయేవాడు. 1990 దశకములో ఆ దారిని బ్రాడ్‌గేజిగా మార్చినారు. తాతగారు పోయినారు. గేటు స్థానములో ఇప్పుడు వంతెన ఉన్నది. గార్డు అన్న పేరు కూడా 2022లో ‘ట్రైన్ మేనేజరు’గా మారినది. ఆ ఇంజనుదిగాని, ఆ గేటుదిగాని, ఆ గేటు దగ్గర నిలబడిన మా తాతగారిదిగాని ఒక్క పటము మా ఇంట లేదు. పెండ్లిళ్ళలో తీసిన పటాలు మాత్రము పెట్టెనిండా ఉన్నవి. ముఖ్యమైనదని తోచినదానినే చిత్రిస్తాము. ఏది ముఖ్యమో చాల ఆలస్యముగా తెలుసుకుంటాము.

ఆవిరితోనే ఈ వినోదము అంతరించినదని అనుకోరాదు. డీజిలు వచ్చినప్పుడు ఆవిరికోసము దుఃఖించినారు. డీజిలు పోయి విద్యుత్తు వచ్చేసరికి ఆ డీజిలు కూడా ముద్దొస్తున్నది. మన తెలుగునేలమీదనే చూడదగిన గూడ్సుదారి ఒకటి ఉన్నది. బైలాడిల గనుల ఇనుపరాయిని విశాఖపట్టణపు రేవుకు తెచ్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960 దశకములో నిర్మించిన కొత్తవలస–కిరండోల్ దారి అది. సుమారు 450 కిలోమీటర్ల పొడవు, 50కి పైగా సొరంగాలు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. అరకు పోయే యాత్రికులు బొర్రా గుహలకోసము, లోయలకోసము కిటికీలోనుంచి తొంగిచూస్తారు. పక్క లైనులో ఎర్రని ధూళి కప్పుకొని, రెండు మూడు ఇంజన్లతో, తమ బండికి దారి ఇచ్చి నిలిచిన గూడ్సును మాత్రము చూడరు. ఆ దారి వేసినది తమకోసము కాదు, ఆ గూడ్సుకోసమే అన్న సంగతి చాలమందికి తెలియదు. ఇప్పటి గూడ్సులు పరిమాణములో కూడా తక్కువవి కావు. 2022 ఆగస్టు 15న ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బానుంచి ‘సూపర్ వాసుకి’ అనే పేరుతో 295 పెట్టెల బొగ్గుబండి ఒకటి నడిచినది. దాని పొడవు మూడున్నర కిలోమీటర్లు.

చూడబోయేవారికి ఒక్క మాట. రైల్వే హద్దులోనికి అనుమతి లేకుండా అడుగుపెట్టడము చట్టరీత్యా నేరము. అంతకంటె ముఖ్యముగా అది ప్రాణాపాయము. విద్యుత్తు ఇంజను ఆవిరి ఇంజనువలె దూరమునుంచి చెప్పి రాదు. ఈ కళలో ఆరితేరినవారు పట్టాలకు దూరముగా, పొలము గట్టుననో, రోడ్డు వంతెనమీదనో, కొండ వాలుననో నిలబడతారు. ప్రాణము పణముగా పెట్టి తీసిన పటములో విశ్రాంతి ఎక్కడిది? కెమేరా కూడా ఖరీదైనదే కానక్కరలేదు. ఎండ వీపున పడేటట్లు నిలబడి, బండి పూర్తిగా మలుపు తిరిగేవరకు వేలును ఆపుకోగల ఓర్పు ఉంటే చాలును. అసలు కెమేరా లేకపోయినా నష్టము లేదు. లెక్కించడానికి పెట్టెలు ఉన్నవి; లెక్క సరిచూడడానికి ఇంట పెద్దలు ఉన్నారు.

చివరకు నా విన్నపము ఒక్కటే. మీ ఇండ్లలో రైల్వే ఉద్యోగము చేసినవారు ఉండవచ్చును. ఫైర్‌మన్‌గా బొగ్గు వేసినవారు, పాయింట్స్‌మన్‌గా లాంతరు పట్టినవారు, గేటు కాచినవారు, గూడ్సుగార్డుగా అర్ధరాత్రులు అడవులలో ఒంటరిగా కూర్చున్నవారు ఉండవచ్చును. మీ ట్రంకుపెట్టె అడుగున ఎక్కడో, ఇంజను ముందర నూనెమరకల దుస్తులతో నిలబడిన ఒక మనిషి పటము ఉండవచ్చును. దానిని బయటకు తీయండి. అతని పేరేమిటి, ఊరేది, సంవత్సరమేది, తెలిసినవారు ఇంకా ఉండగానే అడిగి, వెనుకవైపు పెన్సిలుతో వ్రాసి పెట్టండి. తెలిసినవారు బ్రతికి ఉంటే వారిచేత ఆనాటి సంగతులు చెప్పించి వినండి. రేపు గేటు పడినప్పుడు మాత్రము, గూడ్సుబండి అని తెలిసినా, విసుగుకొనకుండా కడపటి పెట్టెదాకా ఒకసారి చూడండి.